ఉక్కు పట్టీలకు నలుపు పట్టిన కథ

అనగనగా ఒక రాజు. మీ ముత్తాతలు పుట్టకముందు ఉండేవాడో, మీ మునిమనవలు పుట్టాక ఉంటాడో నేను చెప్పలేను. ఎందుకంటే ఆ రాజు చేతిలో కత్తి ఉండేది కాదు, రిమోటు ఉండేది. ఆయన పేరు శాంతవర్మ.

ఆయన రాజ్యానికీ పొరుగు రాజ్యానికీ నడుమ ఒక బోడికొండ, కొండ మీద ఒక చెరువు తూము. ఎండాకాలంలో ఆ తూము నీళ్లు ముందు ఎవరికన్న తగవు వచ్చేది. మనుషులను చంపుకునే యుద్ధం వద్దనుకుని ఇద్దరు రాజులూ ఒక ఒప్పందం చేసుకున్నారు. ఏటా చెరో బొమ్మ ట్యాంకును రిమోటుతో కొండెక్కిస్తారు. ఎవరి ట్యాంకు తూము చేరితే వారికే మొదటి తడి.

కొండ మీద ఒక గద్ద ఉండేది. దానికి మెరిసే వస్తువంటే ప్రాణం. రెండు ట్యాంకుల్లో ఏది ముందు మెరిస్తే దాన్ని తన్నుకుపోయేది. మిగిలింది గెలిచేది.

శాంతవర్మ ట్యాంకును కనకలింగాచారి చేసేవాడు. చక్రాల చుట్టూ ఉక్కు బిళ్లలను గొలుసులా కూర్చి పట్టీలు వేసేవాడు. ఎంత నిటారు కొండైనా ఆ పట్టీలు పట్టు వదిలేవి కావు. పనితనానికి వంక పెట్టలేం. మెరుపుతోనే వచ్చింది చిక్కంతా.

మొదటి ఏడాది పట్టీలు ఎండకు తళతళలాడాయి. గద్ద ట్యాంకును ఎత్తుకుపోయింది, పొలాలు ఎండాయి.

రెండో ఏడు చారి దీపపు మసిని నూనెలో కలిపి పట్టీలకు పూశాడు. సగం కొండ ఎక్కేసరికి రాళ్లకు రాసుకుని మసి కాస్తా ఊడిపోయింది. గద్ద మళ్లీ వచ్చింది, పొలాలు మళ్లీ ఎండాయి. కాలువ చివరి ఊళ్ల వాళ్లు పశువులను అమ్ముకున్నారు.

మూడో ఏడు చారి బాగా ఆలోచించాడు. పైన పూసిన నలుపు రాలిపోతుంది, లోహానికే నలుపు పట్టాలి. ఉక్కును కరక్కాయ కషాయంలో ముంచితే నల్లబడుతుందని అతనికి తెలుసు. నూట అరవై బిళ్లలూ ముంచి తీశాడు. బిళ్లలు నల్లబడ్డాయి గానీ, ప్రతి బిళ్లకూ రెండు అంచుల్లో బొటనవేలంత మచ్చ తెల్లగా మిగిలింది.

చారి కరక్కాయలను తిట్టి వేరేవి తెప్పించాడు. మళ్లీ అవే మచ్చలు. బావి నీళ్లను తిట్టి ఏటి నీళ్లు తెప్పించాడు. మళ్లీ అవే. పందెం ఇంక నాలుగు రోజులుంది. చారికి అన్నం సయించలేదు.

ఆ పనిశాలలో పైడితల్లి అనే ఆవిడ గిన్నెలు తోమేది. కాలువ చివర ఆమెకు అరెకరం ఉంది. రెండేళ్లుగా అందులో గింజ పండలేదు. అందుకే ఈ బిళ్లల సంగతి ఆమె అందరికన్నా శ్రద్ధగా చూసింది. చూసి, జంకుతూనే చారి దగ్గరికి వచ్చింది.

"ఆచారి బాబూ, తలకు నూనె రాసుకున్న చేత్తోనే బిళ్లను పట్టుకుని, కళ్లకద్దుకుని కషాయంలో వేస్తున్నారు. మీ వేళ్లు ఆనిన చోటే నలుపు పట్టట్లేదు" అంది.

చారి ముఖం ఎర్రబడింది. పనిముట్టునీ పనినీ కళ్లకద్దుకోవడం తన తాత నేర్పిన ఆచారమనీ, దాన్ని తప్పు పట్టడానికి నువ్వెవరనీ గదిమాడు.

"దండం మానమనట్లేదు బాబూ. ముందు దండం పెట్టుకోండి, తర్వాత నేను కడుగుతాను. కడిగాక ఎవరమూ చేత్తో ముట్టొద్దు. నూనె గిన్నె మీద నీళ్లే నిలవవు కదా, కషాయం ఎలా నిలుస్తుంది?"

ఆమె ఒక బిళ్లను కుంకుడు రసంతో రుద్ది, చింతపండుతో తోమి, వేడినీళ్లలో కడిగింది. వెదురు పుల్లలతో పట్టుకుని కషాయంలో ముంచింది. పైకి తీస్తే బిళ్ల అంచు నుంచి అంచు దాకా కాకి నలుపు తిరిగి ఉంది. చారి దాన్ని గోటితో గీకి చూశాడు, రాయి మీద రుద్ది చూశాడు. నలుపు చెక్కుచెదరలేదు. అతను మిగిలిన బిళ్లలన్నీ తట్టలో వేసి ఆమె ముందు పెట్టాడు.

మూడు రోజులు పైడితల్లి కడిగింది, చారి ముంచాడు. నాలుగో రోజు ట్యాంకు కొండెక్కింది. రాజు రిమోటు మీంచి వేలు తీయలేదు. గద్ద ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది. మూడో చుట్టులో పొరుగు ట్యాంకు రంగు లేచి తళుక్కుమంది. గద్ద దాన్నే తన్నుకుపోయింది.

తూము దగ్గర నిలిచిన నల్ల ట్యాంకును తర్వాత చూసి గద్ద నివ్వెరపోయింది.

"ఇంతసేపూ ఇది రాయి నీడనుకున్నాను" అని చిన్నబోయింది.

రాజు కొలువు తీర్చి చారికి శాలువా కప్పబోయాడు. చారి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ప్రభూ, నలుపు వేసింది నేనే. ఆ నలుపు పట్టేలా చేసింది పైడితల్లి. తప్పు చెబితే ఆమెను గదిమాను కూడా. ముందు ఆమెకు కప్పండి" అన్నాడు.

రాజు పైడితల్లిని పిలిపించాడు. చింతపండుకు పగిలిన ఆమె అరచేతులు చూసి ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. శాలువా తానే కప్పి, రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, ఈ ఏడు మేము తినబోయే అన్నం నీ చేతి చలవ. ఏం కావాలో అడుగు."

ఏటా కాలువ మొదట్లో వాళ్లకే ముందు నీళ్లందుతాయని, ఈ ఒక్కసారి చివరి పొలాల నుంచి మొదలుపెట్టమని పైడితల్లి అడిగింది.

మర్నాడు పొద్దున్నే తూము తలుపు ఆమె చేతే ఎత్తించారు. దారి పొడవునా తమ పొలాల్లోకి నీళ్లు పారే మడవలు మూసి, తమ వంతు కోసం ఆగిన రైతులు గట్ల మీద నిలబడి ఆమెకు దండం పెట్టారు. సాయంత్రానికి నీళ్లు కాలువ చివరికి చేరాయి. పైడితల్లి తన అరెకరంలో దిగి, పగిలిన అరచేతులు ఆ చల్లని నీళ్లలో ఉంచి చాలాసేపు కూర్చుంది.

కంటికి కనిపించే పనిని అందరూ మెచ్చుకుంటారు పిల్లలూ. ఆ పని నిలిచేలా చేసిన, కంటికి కనిపించని చేతిని గుర్తుపెట్టుకుని దండం పెట్టడమే కృతజ్ఞత.