మూగమెట్టు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో కోతులన్నిటికీ కొమ్మలుంటే, ఒక కొండముచ్చుకు మాత్రం పియానో ఉండేది.

నవ్వకండి, నిజంగానే ఉండేది. ఎప్పుడో ఒక దొరగారు వచ్చి కొండమీద బంగళా కట్టుకున్నాడు. పోయేటప్పుడు మంచాలూ కుర్చీలూ పట్టుకుపోయాడు గానీ, ఆ పియానోను కదిలించడం ఎవరి తరమూ కాలేదు. పియానో అంటే బల్లంత హార్మోనియం అనుకోండి. తెల్లమెట్లూ నల్లమెట్లూ వరసగా ఉంటాయి. మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి వెళ్ళి తీగను కొడుతుంది, తీగ ఖంగుమంటుంది. దొరగారు పోయాక ఎలుకలు అందులో దూరి ఒక సుత్తిని కొరికి పారేశాయి. దాంతో నడిమధ్యనున్న ఒక తెల్లమెట్టు ఎంత నొక్కినా పలికేది కాదు. దాన్ని అందరూ మూగమెట్టు అనేవారు.

ఆ కొండముచ్చు పేరు తురాయి. నెత్తిమీద జుట్టు నిక్కపొడుచుకుని తురాయిలా ఉండేది కాబట్టి ఆ పేరొచ్చింది. దానికి పియానో నేర్పింది గుబురయ్య అనే ముసలి ఎలుగుబంటి. పాపం, ఆయనకు వచ్చింది ఒకే ఒక్క పాట, అదీ జోలపాట. లావుపాటి పంజాతో ఒక్కో మెట్టే నొక్కుకుంటూ వచ్చేవాడు. మూగమెట్టు దగ్గరికి వచ్చాక దాన్నీ నొక్కి, కాసేపు ఆగి, మళ్ళీ అందుకునేవాడు.

తురాయి ఆ పాటను ఒక్క పూటలో నేర్చేసుకుంది. అక్కడితో ఆగితే బాగానే ఉండును. ముందు రెండు చేతులతో వాయించింది. తర్వాత కాళ్ళు కూడా పైకెత్తి పెట్టింది. ఆఖరికి తోకతో చివరి మెట్లు కొట్టడం కూడా సాధించింది. అది వాయిస్తుంటే వేళ్ళు ఎక్కడున్నాయో కంటికి ఆనేవి కావు. జంతువులన్నీ కిటికీల దగ్గర చేరి నోరెళ్ళబెట్టి చూసేవి.

వాయించడం అయిపోగానే తురాయి వెనక్కి తిరిగి ప్రతిసారీ ఒకే మాట అడిగేది.

"ఎంత వేగమో చూశారా?"

"చూశాం, చూశాం!" అనేవి అన్నీ.

విన్నారా అని అది అడగలేదు. విన్నామని అవీ అనలేదు.

మూగమెట్టంటే మాత్రం తురాయికి చచ్చేంత సిగ్గు. పాటలో ఎక్కడైనా ఖాళీ వస్తే, తప్పు వాయించిందని నలుగురూ అనుకుంటారేమోనని దాని భయం. అందుకని ఆ మెట్టు రాగానే గభాలున దాటేసి, ఆ ఖాళీలో గుప్పెడు స్వరాలు గుమ్మరించేది.

ఆ పియానో వినడానికి రోజూ వచ్చేవాళ్ళలో ఒక ఏనుగమ్మ, ఆమె బిడ్డ గున్నడు కూడా ఉండేవారు. గున్నడు తూర్పు కిటికీ కింద తప్ప ఇంకెక్కడా నిలబడేవాడు కాదు.

ఆ ఏడు వానలకు కొండవాగు పొంగింది. బంగళా దిగువనున్న మడుగులో ఆడుకుంటున్న గున్నడిని వరద లాక్కుపోయింది. తల్లి ఎంత వెతికినా వాడు దొరకలేదు. అప్పటినుంచీ ఏనుగమ్మ ఆ మడుగు ఒడ్డు వదల్లేదు.

వానలు పోయాయి, చలి పోయింది, వేసవి వచ్చింది. అడవిలో కుంటలన్నీ ఎండిపోయి నేల నెర్రెలిచ్చింది. నీళ్ళు మిగిలింది ఆ ఒక్క మడుగులోనే. దాహం వేసి వెళ్ళిన అడవిపందిని ఏనుగమ్మ తొండంతో ఎత్తి పొదల్లోకి విసిరేసింది.

"నా బిడ్డ ఈ నీళ్ళలో ఉన్నాడు! ఇందులో ఎవరు మూతి పెట్టినా తొక్కి చంపుతాను!" అని కొండ అదిరేటట్టు ఘీంకరించింది.

జంతువులన్నీ బంగళా వెనక చేరాయి. అందరికీ నాలుకలు పిడచకట్టుకుపోయాయి. జింకమ్మ తన కూనను ముట్టెతో తట్టి తట్టి లేపుతోంది.

"పొద్దున్నుంచీ నా కూన కళ్ళు తెరవడం లేదు. ఎవరైనా ఏదైనా చెయ్యండయ్యా, మీకు పుణ్యముంటుంది" అని ఏడ్చింది.

గుబురయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏనుగమ్మకు ఈ పియానో అంటే ప్రాణం. నేను వాయిస్తాను. ఆమె మనసు కాస్త కుదుటపడితే మనకు దారి ఇస్తుందేమో."

తురాయి పకపకా నవ్వింది. "నువ్వా మామా? ఆ మూగమెట్టు జోలపాటేనా? అది వింటే ఏనుగమ్మకు ఆవలింతలు రావడం ఖాయం. నేను వాయిస్తాను. నా వేగం చూస్తే దుఃఖమే మరిచిపోతుంది!"

"అవునవును, తురాయే వాయించాలి!" అన్నాయి జంతువులు. గుబురయ్య పక్కకు తప్పుకున్నాడు.

ఆ సాయంత్రం తురాయి పియానో ముందు కూర్చుంది. తను సొంతంగా కట్టుకున్న పాటల్లో అన్నిటికంటే కష్టమైనది ఎంచుకుంది. చేతులు, కాళ్ళు, తోక అన్నీ ఒక్కసారిగా మెట్లమీద పరుగెత్తాయి. కింద మడుగు దగ్గర ఏనుగమ్మ చెవులు విప్పింది. అడుగు కదిపింది. మడుగుకున్న ఒకే ఒక్క దారి వెంట కొండెక్కడం మొదలెట్టింది.

"వస్తోంది! ఏనుగమ్మ వస్తోంది!" అని పొదల్లోంచి గుసగుసలు.

తురాయి పొంగిపోయి ఇంకా వేగం పెంచింది. అంతలో వరండా స్తంభం ఫెళ్ళున విరిగింది.

"బిడ్డ పోయి నేను ఏడుస్తుంటే, నువ్వు నా నెత్తిమీద గంతులేస్తావా?" అని ఏనుగమ్మ అరిచింది. తురాయికి పై ప్రాణాలు పైనే పోయాయి. పియానో కింద దూరి, ఏనుగమ్మ వెళ్ళిపోయేదాకా ఊపిరి బిగబట్టుకుని పడుకుంది.

ఆ రాత్రి ఎవరికీ చుక్క నీళ్ళు లేవు.

మర్నాడు తురాయి మూతి ముడుచుకుని ఆలోచించింది. తప్పు పాటది, నాది కాదనుకుంది. ఏడుస్తున్నవాళ్ళకు ఏడుపు పాటే వాయించాలనుకుంది. గుబురయ్య జోలపాటనే తీసుకుంది గానీ, దాన్ని ఉన్నదున్నట్టు వాయించడానికి మనసొప్పలేదు. సందు దొరికిన చోటల్లా గమకాలు చుట్టి, మెలికలు తిప్పి, అసలు పాట ఎక్కడుందో వెతుక్కోవాల్సినంత హంగు చేసింది.

రెండో సాయంత్రం ఏనుగమ్మ మళ్ళీ కొండెక్కింది. ఈసారి తురాయికి గుండె దడదడలాడుతూనే ఉంది. కిటికీలో ఏనుగమ్మ నీడ పడగానే వేళ్ళ వరస తప్పింది. మూగమెట్టును దాటబోయిన వేలు దాటలేక దానిమీదే పడింది. పియానో ఒక్క క్షణం మూగబోయింది.

ఏనుగమ్మ ఠక్కున ఆగిపోయింది. ఎత్తిన తొండం దించింది. తల తిప్పి తూర్పు కిటికీ కిందికి చూసింది.

'అయ్యో, తప్పిందని అందరికీ తెలిసిపోయింది!' అనుకుంది తురాయి. సిగ్గుతో చచ్చిపోయి, ఆ ఖాళీని పూడ్చడానికి గుప్పెళ్ళ కొద్దీ స్వరాలు కుమ్మరించింది.

ఏనుగమ్మ పెట్టిన అరుపుకు పైకప్పు పెంకులు రాలాయి. ఆమె కుమ్మిన కుమ్ముకు తూర్పు గోడ కూలింది. పడుతున్న రాళ్ళకు అడ్డంగా గుబురయ్య దూకి తురాయిని పక్కకు నెట్టాడు. ఒక రాయి ఆయన కుడి పంజామీద పడింది.

దుమ్ము అణిగేసరికి ఏనుగమ్మ వెళ్ళిపోయింది. తురాయి ఆకులతో గుబురయ్య పంజాకు కట్టు కట్టింది. దానికి కన్నీళ్ళు ఆగలేదు.

"నావల్లే మామా! అంతా నావల్లే!"

"ఏడవకే పిల్లా. నాకొక సంగతి చెప్పు. మధ్యలో ఒకసారి ఆగావే, ఎందుకు?"

"తప్పిపోయింది."

"నువ్వు ఆగగానే ఆవిడ కోపం కూడా ఆగింది. కిటికీ కిందికి చూసింది."

"అక్కడేముంది?"

గుబురయ్య దానికేసి వింతగా చూశాడు. "అక్కడేముందేమిటే? గున్నడి చోటు కదా. నేను మూగమెట్టు నొక్కి ఆగితే వాడు తొండమెత్తి 'పీఁ' అనేవాడు. మెట్టు పలకకపోతే వాడు పలికేవాడు. తల్లి మురిసిపోయేది. అందుకే నేను ఆగేవాణ్ణి. రోజూ నా పక్కనే కూర్చున్నావుగా, చూడలేదూ?"

తురాయి తల దించుకుంది. "నేను నీ వేళ్ళే చూశాను మామా."

కంటి కొసన పడ్డా పట్టించుకోనివి ఒక్కొక్కటే దానికి గుర్తొచ్చాయి. తను వాయించేటప్పుడు కూడా గున్నడు తొండమెత్తి ఎదురుచూసేవాడు. చూసి చూసి తొండం దించుకునేవాడు. ఒకసారి మధ్యలో 'పీఁ' అన్నందుకు తనే కసిరింది, నా పాట పాడుచెయ్యకు పో అని. అంత పెద్ద పాటలో ఆ పిల్లవాడికి ఒక్క స్వరమంత చోటివ్వలేదు.

మూడో సాయంత్రానికి జింక కూన తల కూడా ఎత్తలేకపోయింది. గుబురయ్య పంజా వాచిపోయింది, వాయించే దారి లేదు. తూర్పు గోడ లేదు. పియానోకూ కొండదారికీ మధ్య అడ్డమన్నదే లేదు.

"వద్దే తురాయీ, ఈసారి నిన్ను చంపేస్తుంది" అంది జింకమ్మ. అంటూనే తన కూనకేసి చూసుకుంది.

"తెలుసు అక్కా" అంది తురాయి. వెళ్ళి కూర్చుంది.

తోకను కాళ్ళ కింద పెట్టుకుంది. ఒక చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. రెండో చేత్తో జోలపాట మొదలెట్టింది, గుబురయ్య లాగా ఒక్కో మెట్టే నొక్కుకుంటూ. అబ్బ, ఎంత కష్టమో! పరుగెత్తడం అలవాటైన వేళ్ళు నడవమంటే నడవవు. ఒక్కో మెట్టు దగ్గరా వాటిని బతిమాలుకోవాల్సి వచ్చింది.

కిందినుంచి ధన్‌ ధన్‌మని అడుగులు వినపడ్డాయి. నేల అదిరింది. ఏనుగమ్మ కొండదారి వెంట దూసుకొచ్చి, కూలిన గోడ దాటి, తురాయి నెత్తిమీదికి తొండం ఎత్తింది. సరిగ్గా అప్పుడే పాట మూగమెట్టు దగ్గరికి వచ్చింది.

తురాయి ఆ మెట్టు నొక్కింది. ఆగింది.

చప్పుడు లేదు. పొదల్లో జంతువులు కళ్ళు మూసుకున్నాయి. 'వాయించవే, వాయించు, ఏదో ఒకటి వాయించు' అని అన్నీ లోలోపల మొత్తుకుంటున్నాయి. తురాయి వేళ్ళు తీటపుట్టినట్టు కొట్టుకుంటున్నాయి. కాళ్ళ కింద తోక గింజుకుంటోంది. నెత్తిమీద తొండం వేడి ఊపిరి తగులుతోంది. పారిపోవాలనిపించింది. ఏడవాలనిపించింది. అయినా వేలు తియ్యలేదు.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, పాట మధ్యలో తురాయి మెట్లమీదినుంచి చూపు ఎత్తి, వినేవాళ్ళ ముఖం చూసింది. ఏనుగమ్మ కళ్ళకింద చారలు కట్టి ఉన్నాయి. ఆ కళ్ళు కిటికీ ఉండిన చోటికేసి చూస్తున్నాయి. అక్కడ ఎవరూ లేరు.

అప్పుడు ఏనుగమ్మ గొంతులోంచి ఒక సన్నటి చప్పుడు వచ్చింది.

"పీఁ."

అంత పెద్ద గొంతులోంచి అంత చిన్న చప్పుడు! అది అచ్చం గున్నడి గొంతే. తురాయి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. పాట అక్కడినుంచే అందుకుంది. చుట్టు తిరిగి మళ్ళీ మూగమెట్టు వచ్చింది, మళ్ళీ ఆగింది. మళ్ళీ తల్లి పలికింది. మూడోసారి మాత్రం ఏనుగమ్మ పలకలేకపోయింది. మోకాళ్ళమీద కూలబడి, బావురుమని ఏడ్చింది. బిడ్డ పోయినప్పటినుంచీ అరిచిందే గానీ అలా ఏడవలేదు. తురాయి ఆ ఏడుపు అయ్యేదాకా మెట్టుమీద వేలుంచి కూర్చుంది.

చాలాసేపటికి ఏనుగమ్మ లేచింది. పొదలకేసి చూసింది. జింకమ్మ కాళ్ళ దగ్గర వాలిపోయి ఉన్న కూన కనపడింది.

"ఆ పసిదానికి ఏమైంది?" అని అడిగింది.

"దాహం తల్లీ" అంది జింకమ్మ.

ఏనుగమ్మ మడుగుకు దిగి, తొండం నిండా నీళ్ళు తెచ్చి, కూన నోట్లో కొంచెం కొంచెంగా పోసింది. కూన కళ్ళు తెరిచింది. "పదండి, అందరూ వచ్చి తాగండి. నా గున్నడి నీళ్ళు పిల్లలకు దక్కనీ" అంది.

తర్వాత ఒక వడ్రంగిపిట్ట వచ్చి, సుత్తి చెక్కి ఆ మెట్టును పలికిస్తానంది. "వద్దులే బాబూ" అంది తురాయి. దాని వేగం ఎక్కడికీ పోలేదు. సరదా పుట్టినప్పుడు ఇప్పటికీ తోకతో సహా వాయిస్తుంది. కానీ జోలపాట వాయించేటప్పుడు మాత్రం మూగమెట్టు నొక్కి, తలెత్తి, ఎదురుగా ఉన్నవాళ్ళకేసి చూస్తుంది.

ఒక సాయంత్రం అలా ఆగినప్పుడు, ఏనుగమ్మ కాళ్ళ మధ్యనుంచి జింక కూన మెడ చాచి "మే" అంది. అందరూ భయంభయంగా ఏనుగమ్మకేసి చూశారు. ఏనుగమ్మ తొండంతో కూన వీపు నిమిరి, పాట సాగనివ్వమని తురాయికి తల ఊపింది.

నీతి: చేతిలో ఎంత పనితనం ఉన్నా, వినేవాళ్ళ మనసుకు చోటివ్వని పాట ఒట్టి చప్పుడే.