దొర కాలు పెట్టిన చోటు

మణిగిరి పట్నంలో నగరపెద్ద కావాలనుకున్నవాడు జనం ముందుకొచ్చి, తాను చేయబోయే మొదటి పని చెప్పాలి. అతని నోట మొదట ఏ పని వస్తే దాన్నే అక్కడికక్కడే దండోరా వేస్తారు. డప్పు మోగాక మాట మార్చడం ఎవరితరమూ కాదు.

ఈసారి మార్తాండరాయుడు బయల్దేరాడు. "మొదటి పని ఊరి నడుమ నా పాలరాతి విగ్రహం!" అని పల్లకీలో దారంతా వల్లించుకుంటున్నాడు. ముందువైపు మోస్తున్న బోయీ గవరయ్యకు ఒళ్ళు మండింది. వాళ్ళ వాడలో మురుగు పొంగి ఇంటింటా జ్వరాలే.

జనం కూడింది కూడా ఆ వాడ మొగలోనే. గవరయ్య పల్లకీని సరిగ్గా మురుగు అంచున దించి, "దయచెయ్యండి దొరా" అన్నాడు.

రాయుడు దర్జాగా కాలు పెట్టి, మోకాలిదాకా దిగబడ్డాడు.

"ఛీ ఛీ! ముందు ఈ మురుగు తీయించండిరా!" అని గావుకేక పెట్టాడు.

డప్పు మోగింది. "రాయుడుగారి మొదటి పని మురుగు తీయించడమహో!"

వాడంతా ఈలలు, కేకలు!

రాయుడు పళ్ళు నూరాడు. "నన్నిక్కడెందుకు దించావురా?"

గవరయ్య చేతులు కట్టుకున్నాడు. "పదేళ్ళుగా ఈ దారినే మిమ్మల్ని మోస్తున్నాం దొరా. ఈ బురద మా కాళ్ళకే తెలుసు. ఏలబోయే ఊరు కదా, మీ కాళ్ళకీ ఓసారి చూపించాను."