ఉగ్గుగిన్నెలో పెరుగు

అనగనగా ఏటి గట్టు పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో వరహాలమ్మ అని ఒక నాయనమ్మ. ఆవిడకి ఒళ్ళో ఆడే మనవడు పండు, పెరట్లో గేదె గంగ. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఇష్టమో ఆవిడకే తెలీదు.

తల్లిపాలు చాలడం లేదని వరహాలమ్మ గంగ పాలు కాచి, వెండి ఉగ్గుగిన్నెతో పండుకి పట్టేది. "తాగరా నా తండ్రీ, గంగ నీకోసమే ఈనింది" అనేది.

అప్పుడు పండుకి ఆయాసం పట్టుకుంది. ఒంటి మీద దద్దుర్లు, ఛాతీలో కీచుకీచుమని చప్పుడు. పిల్లికూతలంటారు దాన్ని. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పాపం డొక్కలు లోపలికి పోయేవి.

"పొగ పడలేదు" అని వరహాలమ్మ సాంబ్రాణి మానేసింది. తగ్గలేదు. "చలిగాలి" అని చెవులకి గుడ్డ కట్టింది. తగ్గలేదు. "ఎవరి దిష్టో" అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గారు, పండుతో సహా!

"ఇంక చాలు అత్తయ్యా, పదండి ఆసుపత్రికి" అని కోడలు రత్నమాల బిడ్డని ఎత్తుకుంది.

డాక్టరమ్మ ముందు ఆవిరి మందు పట్టింది. ఊపిరి కుదుటపడ్డాక చెప్పింది: "కొందరు పసివాళ్ళకి గేదె పాలు, ఆవు పాలు పడవు. దొంగ చొరబడ్డాడనుకుని ఒళ్ళు కంగారుపడుతుంది. ఆ కంగారులో ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. ఆ పాలు మానిపించి చూద్దాం. బదులు ఇలాంటి పిల్లలకి పడే ఈ డబ్బా పొడి నీళ్ళలో కలిపి పట్టండి."

"నా గంగ పాలా పడనిది!" అని వరహాలమ్మ మూతి ముడిచింది. అయినా మానేసింది. పిల్లికూతలు పోయాయి.

ఆ తర్వాత ఒకరోజు పండు నాయనమ్మ కంచం కేసి చేతులు చాపాడు. ఆవిడ మనసాగలేదు. "పాలే కదా వద్దంది, పెరుగు అనలేదుగా" అనుకుని ఉగ్గుగిన్నెలో కాస్త పెరుగు చిలికి పట్టేసింది.

గిన్నె కడిగేలోపే పండు పెదవులు ఉబ్బాయి. ఛాతీ కీచుమంది. ఆటోలో పరుగున వెళ్ళారు. మళ్ళీ ఆవిరి మందు, ఈసారి సూది కూడా. గండం గడిచింది.

"పెరుగు ఎక్కణ్ణుంచి వచ్చింది నాయనమ్మగారూ?" అంది డాక్టరమ్మ.

వరహాలమ్మ తల వంచుకుంది. "మా గంగ దగ్గర్నుంచే తల్లీ."

"వెన్నా, మీగడా?"

"అన్నీ దానివే." కళ్ళు తుడుచుకుంది. కోడలు బిడ్డని తెచ్చి అత్తగారి ఒళ్ళోనే పెట్టింది.

అప్పట్నుంచీ వరహాలమ్మ పాలు పితికి పొరుగింటికి పంపి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని గానీ పండుని ముట్టుకునేది కాదు. ఉగ్గుగిన్నెలో ఇప్పుడు నీళ్ళతో కాచిన రాగిజావ. తాగించి, వాడి ఛాతీకి చెవి ఆనించేది. లోపల ఒక్క కూత లేదు.

పెరట్లో గంగ అరిచేది. "నీ మీద కోపం కాదే పిచ్చిదానా! వీడు పెద్దయ్యాక డాక్టరమ్మ సరేనంటే అప్పుడు చూద్దాం" అనేది వరహాలమ్మ.

గంగ పాలు పొరుగింటికి,
రాగిజావ పండు నోటికి,
కథ వెళ్ళింది కంచికి,
నిద్ర వచ్చింది నీ కంటికి.