రాజుగారి తొలి మర్యాద

ఒకానొక రాజ్యాన్ని ప్రచండకేసరి అనే రాజు ఏలుతుండేవాడు. పేరు విని భయపడకండి. ఆ కేసరి భోజనశాల నుంచి పడకగదికి వెళ్ళాలన్నా పల్లకీ ఎక్కేవాడు. ఎండాకాలం నడవమంటే ఎండ అనేవాడు, వానాకాలం బురద అనేవాడు, చలికాలం మంచు అనేవాడు. ఇక ఆ మహానుభావుడు నడవడానికి ఏ కాలమూ మిగల్లేదు.

ఒకనాడు సింహాసనం మెట్లు ఎక్కబోయి మధ్యలోనే చతికిలబడ్డాడు. ఆస్థాన వైద్యుడు ఎల్లనార్యుడు నాడి పట్టి చూశాడు.

"ప్రభూ, రోగమేమీ లేదు. రోజూ ఏదో ఒక పని మీ చేత్తో చేసుకోండి. ఏ కాలంలోనూ మానవద్దు. అదే మందు."

రాజు మండిపడ్డాడు. "నన్ను కూలిపని చేయమంటావా? వచ్చే ఉగాదిలోగా నన్ను బాగుచెయ్యి, లేదా దేశం విడిచిపో! నన్ను పని చేయమని ఇంకెవడు నోరెత్తినా అదే శిక్ష!"

పక్కనే ఉన్న విదూషకుడు తిప్పనకు కడుపు రగిలిపోయింది. తన తల్లికి ప్రాణం పోసిన ముసలి వైద్యుడికి ఈ గతి పట్టిస్తాడా ఈ మాంసపు ముద్ద అని పళ్ళు కొరుక్కున్నాడు. పైకి మాత్రం చేతులు కట్టుకుని, "వైద్యుడికి పూచీ నేను ప్రభూ. తమరికి నయం కాకపోతే ఆయనతోపాటు నేనూ పోతాను" అన్నాడు.

ఆ రాజ్యంలో ఏ పనికైనా తొలి మర్యాద ఉండేది. పని మొదలుపెట్టిన పెద్దమనిషికి డప్పులు కొట్టి పూలదండ వేసేవారు. మొదలుపెట్టినవాడు పని ముగిసేదాకా చేయి తీయకూడదు. ఆ దండలంటే రాజు పడి చచ్చేవాడు. గుడి ఏనుగుకు తనకంటే ముందు బొట్టు పెట్టారని ఒకసారి అలిగి అన్నం మానేశాడు. ఆయన అన్నం మానడం అదొక్కసారే.

ఎండలు ముదరగానే తిప్పన రాజు దగ్గరికి వెళ్ళాడు. "మల్లెతోటకు రోజూ తొలి చేద తోడే మర్యాద సేనాపతికి ఇస్తున్నారు ప్రభూ. తమరు నీడపట్టున ఉండండి."

"నేను బతికుండగా వాడికా?" రాజు పల్లకీలోంచి దూకి చేద అందుకున్నాడు. తోట తడిసేదాకా తోడాడు. రోజూ తెల్లవారేసరికి సేనాపతి బావి దగ్గర తయారుగా ఉండేవాడు, ఉండమన్నది తిప్పనే. రోజూ రాజు అతణ్ణి నెట్టేసి తోడేవాడు.

వానాకాలం మంత్రి పంచె ఎగగట్టి నారు పట్టుకుంటే, రాజు లాక్కుని బురదలో దిగాడు. చలికాలం పురోహితుడు రోకలి ఎత్తబోతే, అదీ లాక్కుని వడ్లు దంచాడు. మెడలో దండ పడగానే గంగిరెద్దులా తల ఊపేవాడు. చూస్తున్న తిప్పనకు ఒళ్ళు మండేది. మూరెడు పూలకు ఇంత ఆశా అని ఈసడించుకునేవాడు.

ఉగాది వచ్చింది. రాజు మెట్లన్నీ గబగబా ఎక్కి సింహాసనం మీద కూర్చున్నాడు.

"చూశావా తిప్పనా! వైద్యుడు ఒక్క మాత్రైనా ఇవ్వలేదు. నా తేజస్సుకు బెదిరి రోగమే పారిపోయింది. ఇద్దరూ మూట సర్దుకోండి!"

తిప్పన వంగి దండం పెట్టాడు.

"చిత్తం ప్రభూ. పోయేముందు ఒక్క సందేహం. ఏడాది పొడవునా నీళ్ళు తోడి, నాట్లు వేసి, వడ్లు దంచినవాడు ఈ సభలో ఒకడున్నాడు. పని చేయమన్న నేరానికే దేశబహిష్కారమైతే, చేసినవాడికి శిక్ష ఏమిటో సెలవివ్వండి."

రాజు తన అరచేతులు చూసుకున్నాడు. కాయలు కాచి ఉన్నాయి.

"అయితే... ఆ దండలన్నీ?"

"వైద్యుడి మందే ప్రభూ. ఉత్తగా ఇస్తే తమరు పుచ్చుకోరని పూలు చుట్టి ఇచ్చాను."

రాజు ముందు కళ్ళెర్రజేశాడు. తర్వాత నవ్వు ఆపుకోలేక పకపకా నవ్వాడు. వైద్యుడికి పట్టుశాలువా కప్పించి, "తిప్పనా, నా పల్లకీ నీకే బహుమానం!" అన్నాడు.

"మహాప్రసాదం ప్రభూ. మా కోళ్ళకు గూడు చేస్తాను. కాకపోతే దాంట్లో కూర్చుని అవీ నడవడం మానేస్తాయేమోనని నా భయం!"