గవరమ్మ బండి, వన్నెలయ్య వారంటీ

అనగనగనగా, జంతువులు నడక మానేసి బళ్లెక్కిన రోజుల్లో, నల్లకొండ అనే అడవి ఒకటుండేది. దాన్ని గజరాణి ఏలేది. ఆవిడ ఏనుగు. అడవి మొత్తానికీ బండి లేనిది ఆవిడ ఒక్కతే, ఎందుకంటే ఆవిడని మోసే బండి ఇంకా పుట్టలేదు.

ఆ అడవిలో గవరమ్మ అనే ముంగిస టపా మోసేది. కొండకి ఇవతలి కబుర్లు అవతలికి, అవతలి మందులు ఇవతలికి. కొత్తగా మోటారుసైకిల్ కొనుక్కుంది. దానిమ్మ గింజ రంగు బండి. ఎండలో నిలబెడితే దారిన పోయేవాళ్లు ఆగి మొహం చూసుకునేవాళ్లు.

బండి అమ్మినవాడు వన్నెలయ్య అనే ఊసరవెల్లి. షోరూములో ఏ బండి అమ్మినా తన చేత్తోనే పూజ చేసి ఇచ్చేవాడు. చక్రాల కింద నిమ్మకాయలు, టాంకు మీద పసుపుతో స్వస్తిక్, నడుమ కుంకుమ బొట్టు. "ఏం జరిగినా మనం ఉన్నాం తల్లీ, వారంటీ ఉంది" అని దీవించి పంపేవాడు.

ఒకనాటి ఉదయం కొండ మలుపులో గవరమ్మ బ్రేకు నొక్కితే అది మెత్తగా లోపలికి పోయింది. బండి ఆగలేదు. పొద అడ్డం రాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈ కథ ఇక్కడే అయిపోవును.

లేచి దుమ్ము దులుపుకుని చూసింది. కుడి హ్యాండిల్ మీది డబ్బీలోంచి బ్రేక్ ఆయిల్ బొట్లు బొట్లుగా కారి టాంకు మీద పడుతోంది. పడినంత మేరా రంగు అప్పడంలా పొంగింది. గోటితో తాకితే ఉల్లిపొరలా లేచి వచ్చేసింది.

గవరమ్మకి రాణిగారి తనిఖీ గుర్తొచ్చింది. దసరాకి గజరాణి టపా బళ్లన్నిటినీ కొలువుకి పిలిచి, తొండంతో తడిమి మరీ చూస్తుంది. రంగు లేచిన టాంకు తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన టాంకు కొండదారిలో కారుతుంది అని ఆవిడ భయం. మచ్చపడ్డ బండికి ఆ ఏడు టపా లేదు. టపా పోతే గవరమ్మ మళ్లీ పాముల్ని పట్టుకు తినాలి. ఆ పాములేమో ఇప్పుడు పక్కింటివాళ్లు!

షోరూముకి వెళ్లింది. బల్ల దగ్గర తొండ కూర్చుని తల ఊపుతోంది.

"అదా? పూజ పసుపమ్మా. తుడవకుండా వదిలేసుంటావు" అంది తొండ.

"పసుపు రాసింది మీ అయ్యే కదా?"

"అవునవును."

"అయితే తప్పు మీదే కదా?"

"అవునవును."

"మరి రంగు వేయిస్తారా?"

తొండ తల మొట్టమొదటిసారి ఆగింది. "అది కుదరదమ్మా."

గవరమ్మ వెనకవైపు మెకానిక్ దగ్గరికి వెళ్లింది. అతను ఉడుము. బండిని ఒక కంటితో చూసి, "నిమ్మరసం చిమ్మి ఉంటుంది. నిమ్మకాయ తొక్కించారుగా" అన్నాడు.

"చక్రం కింద నలిగిన నిమ్మకాయ ఎగిరొచ్చి టాంకెక్కిందా మామా? దానికేమైనా రెక్కలున్నాయా?"

ఉడుము గొణిగాడు. "నాతో వాదన వద్దు. నూనె డబ్బీ మూత కింద వాషరు చిరిగింది. అది మారుస్తా. రంగు సంగతి అయ్యతోనే తేల్చుకో."

అయ్య ఆకుపచ్చ సోఫాలో ఆకుపచ్చగా కూర్చుని ఉన్నాడు. తొండ ముదిరితే ఏమవుతుందో అందరికీ తెలిసిందే.

"వాషరుకి వారంటీ ఉంది తల్లీ. రంగుకి లేదు. అయినా రంగుదేముంది, వస్తుంది, పోతుంది. నన్ను చూడు!" అంటూ వన్నెలయ్య పసుపయ్యాడు, నీలమయ్యాడు, మళ్లీ పచ్చబడ్డాడు. "ఇదిగో, పులిబొమ్మ స్టిక్కరు. మచ్చ మీద అంటించుకో. రాణిగారు మెచ్చుకుంటారు కూడాను."

"మీ రంగు మీ ఇష్టంతో మారుతుంది బాబాయ్. నా బండి రంగు మీ నూనె తినేసింది. రెండూ ఒకటేనా? ఆ స్టిక్కరు మీ దగ్గరే ఉంచుకోండి. దాచుకోవాల్సింది నాకేమీ లేదు" అని గవరమ్మ విసురుగా బయటికొచ్చేసింది.

వాషరు మార్పించుకుని ఇంటికెళ్తే, పక్కింటి పాము గుమ్మంలో చుట్ట చుట్టుకుని కూర్చుంది. సంగతంతా విని నిట్టూర్చింది.

"పోనిద్దూ వదినా. బ్రేకు బాగుచేశారుగా. పెద్దవాళ్లతో మనకెందుకు?"

"పామువి నువ్వు! నీకు బుస కొట్టడం నేను నేర్పాలా?" అంది గవరమ్మ. బండి తిప్పి తిన్నగా కొలువుకి పోయింది. దసరా దాకా ఆగలేదు. మచ్చ కనబడేలా బండిని సింహాసనం ఎదురుగానే నిలబెట్టింది.

గజరాణి కబురంపితే వన్నెలయ్య వచ్చాడు, తన పరివారంతో, తళతళలాడే తన సొంత బండి మీద. కొలువులో అడుగుపెట్టగానే ఏనుగు రంగులోకి మారిపోయాడు.

"మహారాణీ! వాషరు దగ్గర కాస్త చెమ్మ ఉన్నమాట నిజమే, మార్చేశాం. కానీ రంగు తిన్నది నూనె కాదు. పసుపూ, నిమ్మరసమూను. దేవుడి సొమ్ము, మేమేం చేస్తాం?"

గవరమ్మ చేతులు కట్టుకోలేదు, తల దించుకోలేదు. "అమ్మా! బాబాయ్ బండి కూడా కొత్తదే, అదే రంగు, అదే పూజ. నన్ను దాని మీద మూడు చుక్కలు పెట్టనివ్వండి. ఏ చుక్క రంగు తింటుందో మీరే చూస్తారు."

గజరాణి తొండం ఊపింది.

గవరమ్మ పసుపు చుక్క పెట్టింది. వన్నెలయ్య చిరునవ్వు నవ్వాడు.

నిమ్మరసం చుక్క పెట్టింది. వన్నెలయ్య ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

తన బండి డబ్బీలోని బ్రేక్ ఆయిల్లో గుడ్డ ముంచి టాంకు మీదికి చెయ్యి చాచింది. అంతే!

"అమ్మో, అది వద్దు! రంగు పోతుంది!" అని వన్నెలయ్య ఎగిరి బండికి అడ్డంపడ్డాడు.

వన్నెలయ్య ఒంటి మీద ఏడు రంగులూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెత్తాయి. వెనక నిలబడ్డ తొండ అలవాటుకొద్దీ తల ఊపింది. "అవునవును, పోతుంది."

నవ్వులు మిన్నంటాయి. అయినా వన్నెలయ్య వదల్లేదు. "సరే, రంగు తిన్నది నూనే. కానీ మా వారంటీ వాషరు వరకే మహారాణీ. రంగు అందులో లేదు."

గవరమ్మ ఒక్క అడుగు ముందుకేసింది. "అమ్మా! ఒకాయన గేదె పలుపు తెంపుకుని పక్కవాడి చేను మేసింది. ఆయనేమో, కొత్త పలుపు కొంటాను, చేను సంగతి నాకు తెలీదు అన్నాడు. ఏ పంచాయితీ ఒప్పుకుంటుంది? తెగింది వాళ్ల పలుపే అని ఒప్పుకున్నాక, మేసిన చేనుకి నష్టం ఎవరు కట్టాలి?"

గజరాణి ఆ లేచిపోయిన రంగు దగ్గరికి వంగింది. తొండం కొనతో దాన్ని నెమ్మదిగా తడిమింది.

"వన్నెలయ్యా! నీ వాషరు చెడింది కాబట్టే ఈ టాంకు చెడింది. రెండూ నీ బాధ్యతే. పెచ్చు మీద రంగు పులమడం కాదు, టాంకు మొత్తం గీకించి, అదే దానిమ్మ రంగు వేయించు. ఇక మీదట ఎవరి బండి కారినా ఇదే తీర్పు" అంది.

తొండ, ఉడుము కలిసి టాంకు గీకారు. వన్నెలయ్య పక్కన నిలబడి రంగు సరిపోయిందో లేదో తన ఒంటితో పోల్చి చూశాడు. దసరానాడు గజరాణి టాంకుని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తడిమింది. ఎక్కడా తొండం ఆగలేదు. గవరమ్మ టపా సంచీ తగిలించుకుని కొండదారి పట్టింది.

కనుక పిల్లలూ, తప్పు చేసినవాడు సగం దిద్ది తప్పించుకోబోతే, నష్టపోయినవాడు మిగతా సగం కోసం తలెత్తి అడగాలి. అడగని న్యాయం ఎవరి గుమ్మంలోకీ నడిచి రాదు.