గవిరయ్య తాత చూడాల్సిన ముక్కు

గవిరయ్య తాతకి వారం రోజుల పాటు ఒక్క బీపీ మాత్ర కూడా పడలేదు. ఇంట్లో గడియారం ఆగిపోయింది, అందుకని.

తప్పు తమదంటే ఆ ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. ఊళ్లో తెలివంటూ ఉంటే అది తమ గడపలోనే పుట్టిందని వాళ్ల నమ్మకం. "పెద్దవాళ్లు చెప్పింది చెప్పినట్టు చేసే ఇల్లు మాదొక్కటే," అంటాడు కొడుకు అప్పన్న. "మరే, తినమని నేను చెప్పకపోతే ఈయన కంచం ముందు కూర్చుని కూడా తినడు," అంటుంది కోడలు బంగారమ్మ మురిసిపోతూ.

ఆ ఊరి ఆశా కార్యకర్త పైడమ్మకి మాత్రం ఆ తెలివంటే హడల్. మూడు వారాల్లో కంటి శిబిరం ఉంది. తాతకి రెండు కళ్లలోనూ శుక్లాలు. బీపీ దిగితే ఆపరేషన్, దిగకపోతే మళ్లీ ఆరు నెలలు ఆగాలి. తాత ఆరు రోజులు కూడా ఆగేలా లేడు. నాలుగు నెలల మనవరాలి ముక్కు తనదా, వియ్యపురాలిదా అని ఇంట్లో రోజూ రగడే. ఆ ముక్కు తన కళ్లతో చూసి తేల్చాలని ఆయన పంతం.

"పొద్దున్నే ఎనిమిదింటికి మాత్ర. ఒక్క రోజు కూడా తప్పొద్దు," అని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ ఇందుమతి చెప్పి పంపింది. ఇంకేముంది! రోజూ అప్పన్న అరచేతిలో మాత్ర, బంగారమ్మ చేతిలో నీళ్ల గ్లాసు. ఇద్దరూ గోడ గడియారం ముందు నిలబడ్డారు. అది ఎప్పుడో ఏడూ నలభైకి ఆగింది. మధ్యాహ్నం దాకా చూసి, ఎనిమిది కాలేదని మాత్ర డబ్బాలో వేసేశారు. అలా ఏడు రోజులు.

"ఎండ నడినెత్తికొచ్చినా ఎనిమిది కాలేదా నాయనా?" అంది పైడమ్మ.

"ఎండకేం తెలుసక్కా? గడియారం చెప్పాలిగా," అన్నాడు అప్పన్న.

పైడమ్మ ముగ్గురినీ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లింది. బీపీ చూసిన డాక్టర్ ఇందుమతి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "పైడమ్మా, మన పని చెప్పి రావడంతో అయిపోదు. జరిగిందో లేదో చూసుకోవాలి." తర్వాత ఆ ముగ్గురి వైపు తిరిగింది. "తాత గంజి తాగగానే మాత్ర వెయ్యండి. వంటింట్లో ఉప్పన్నది కనపడకూడదు. రోజూ అరగంట నడిపించండి, అంతకు మించొద్దు."

గడియారం గొడవ మళ్లీ రాకూడదని పైడమ్మ తన చేతి వాచీ విప్పి అప్పన్నకి కట్టింది. అంతే, అప్పన్న చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి ఊరంతా తిరిగాడు.

నాలుగు రోజుల తర్వాత పైడమ్మ వెళ్లేసరికి బంగారమ్మ కూర గిన్నె పట్టుకుని పశువుల పాకలోకి పోతోంది.

"గేదెకి పులుసా పిల్లా?"

"నీకన్నీ పరాచికాలే వదినా! వంటింట్లో ఉప్పు కనపడకూడదన్నారు కదా. జాడీ పాకలో పెట్టాను. కూర అక్కడికి తీసుకెళ్లి వేసుకొస్తున్నాను."

"రోజూ ఎంత వేస్తున్నావు? చిటికెడేనా?"

"అంత దూరం పోయి చిటికెడు వేసి వస్తానా? నడకకి తగ్గట్టు గుప్పెడు వేస్తున్నాను."

పైడమ్మ తల పట్టుకుంది. "తాత ఏడీ?"

"మంచి రోజని ఇవాళే నడక మొదలెట్టారు. పొద్దున పోయారు. ఇంకా రాలేదు."

ఇంకేముంది, పైడమ్మ పరుగు. ఊరవతల జీడితోటల దగ్గర, మైలురాయి మీద తాత. ఎండ పడకుండా ఆయన నెత్తి మీద తువ్వాలు పట్టుకుని అప్పన్న.

"ఇక్కడ కూర్చున్నారేం?"

"అరగంట ఇక్కడే అయిపోయింది," అన్నాడు అప్పన్న వాచీ చూపిస్తూ. "ఇంకొక్క అడుగు వేసినా డాక్టరమ్మ మాట దాటినట్టే."

"మరి ఇంటికి?"

"రేపటి అరగంట ఉందిగా! రేపు ఇంటికి, ఎల్లుండి మళ్లీ ఇక్కడికి."

"బుర్రంటే మావాడిదే," అన్నాడు తాత చెమట తుడుచుకుంటూ. "కాకపోతే రాత్రి భోజనం సంగతే ఆలోచించలేదు."

పైడమ్మ ఆటో పిలిచింది. ఆటో ఎక్కితే నడిచినట్టు కాదని ఒప్పించడానికి ఇంకో అరగంట పట్టింది.

ఆ సాయంత్రం ఆమె ఒక నిర్ణయం తీసుకుంది. ఆ ఇంటికి ఇక ఏదీ చెప్పకూడదు. చేసి రావాలి, అంతే.

మర్నాడు పాకలో ఉప్పు జాడీ చంకన పెట్టుకుని తన ఇంటికి తెచ్చేసుకుంది. రోజూ పొద్దున్నే వచ్చి తాత నోట్లో మాత్ర వేసి, మింగేదాకా కదల్లేదు. చెయ్యి పట్టుకుని పావుగంట ముందుకి, పావుగంట వెనక్కి తనే నడిపించింది. "ఏంటక్కా, మాతో మాట్లాడవు?" అని అప్పన్న అడిగితే నవ్వి ఊరుకుంది.

శిబిరం రోజుకి బీపీ దిగింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టి, చుక్కల మందు ఇచ్చి తాతని ఇంటికి పంపించారు.

మర్నాడు పైడమ్మ మందు వెయ్యడానికి వెళితే ఇంట్లో చప్పుడు లేదు. మధ్య గదిలో మంచానికి నాలుగు వైపులా బొంతలు వేలాడుతున్నాయి. మంచం కింద నుంచి ఆరు పాదాలు బయటికి వచ్చి ఉన్నాయి.

"ఎవరది? వెలుతురు రానివ్వకండి!" లోపల నుంచి అప్పన్న గొంతు. "నాన్న కంటికి ఎండ తగలకూడదని శిబిరంలో చెప్పారు. ఎవరైనా తోడుండమన్నారు కూడా. ఫలానా వాళ్లని పేరు చెప్పలేదు. అందుకని అందరం ఉన్నాం."

"ఉష్, మాట్లాడకండి," అన్నాడు తాత. "ముక్కు తేల్చేస్తున్నాను. తడిమి చూశానర్రా. నాదే! అచ్చం నాదే! కాకపోతే నాలుగు నెలల పిల్లకి ఇంత పెద్దదేమిటి? పైగా జలుబు కూడా చేసినట్టుంది."

"నాన్నా, అది నా ముక్కు," అన్నాడు అప్పన్న.

నల్లద్దాలు ఎందుకిచ్చారో చెప్పాలని పైడమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. బొంతలు నాలుగూ లాగేసింది. తాతని లేవదీసి మంచం మీద కూర్చోబెట్టి, అద్దాలు సరిచేసి, బంగారమ్మ దగ్గరున్న పిల్లని ఆయన ఒళ్లో పెట్టింది.

తాత వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"వియ్యపురాలిదే," అన్నాడు మెల్లగా. "అయినా బాగుంది."

పైడమ్మ చుక్కల మందు వేసింది. ఒక్క మాట కూడా చెప్పకుండా బొంతలు నాలుగూ చుట్టి నెత్తిన పెట్టుకుని ఇంటికి పోయి, ఉప్పు జాడీ పక్కన పెట్టింది.