నీటిగుర్రం కాసిన ఎండ పందెం

జాంబేజీ నదికి అటు జాంబియా, ఇటు నమీబియా. ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. నది పాయ ఒకటి ఎండిపోయి, సరిహద్దులో ఒకే ఒక్క మడుగు మిగిలింది. అందులో ముక్కు మాత్రం బయటపెట్టి మునిగి ఉంది ములెంగ అనే జాంబియా నీటిగుర్రం. దాని చుట్టూ చేపలు కిక్కిరిసిపోయాయి. గట్టు మీద ఒక నక్క మూడు రోజులుగా వాటిని చూస్తూ లొట్టలు వేస్తోంది.

అప్పుడు నమీబియా ఎడారి దాటుకుని, తంగేని అనే బారు కొమ్ముల జింక వచ్చింది.

"కాసిన్ని నీళ్లు తాగిపోతానక్కా."

"అయ్యో తమ్ముడూ! మీది దేశమా, పెనమా? వాతావరణం మారిపోతోందని లోకమంతా మొత్తుకుంటోంది. ముందు మాడేది మీరే. మాకేం, నదులున్నాయి, వానలున్నాయి!"

"ఉన్నాయా?" అని తంగేని ఎండిన పాయకేసి చూసింది.

ములెంగకు ఎక్కడో కాలింది. "ఈ ఒక్క ఏడే!"

"మాకు వానొస్తే పండగ, రాకపోతే మామూలే. మీకు నెల ఆలస్యమైతే మొక్కజొన్న ఎండి ఊరూరా గగ్గోలు. దెబ్బ ఎవరికి గట్టిగా తగిలినట్టు?"

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"తగువెందుకమ్మా! ఇద్దరూ వెళ్లి ఆ గుట్ట దగ్గర ఎండలో నిలబడండి. పొద్దుగూకేదాకా ఓర్చుకున్నవాళ్ల దేశమే గట్టిది, మడుగు వాళ్లదే. ఓడినవాళ్లు మళ్లీ ఇటు మొహం చూపించకూడదు. నీళ్లకు కాపలా నేనుంటాగా!"

పందెం అంటే ఒళ్లు తెలియని రకం ములెంగ. బురద విదిలించుకుని బయల్దేరింది. కొండంత ఒళ్లు, మధ్యాహ్నం దాకా ఢోకా లేదని నక్క లెక్క. మహా తెలివైనది కదా! ముందు చేపలన్నీ గట్టు మీద పేర్చి, తర్వాత తీరిగ్గా తిందామనుకుంది.

పావుగంటకు ములెంగ చర్మం బిగుసుకుంది. అరగంటకు వీపు పగుళ్లిచ్చింది. పక్కనే తంగేని అడవి పుచ్చకాయ కొరుకుతూ నిలబడింది.

"తమ్ముడూ, పొద్దు గూకిందా?"

"ఇంకా నడినెత్తికే రాలేదక్కా."

"చచ్చాన్రా నాయనోయ్!"

నేల దద్దరిల్లేలా పరుగెత్తింది ములెంగ. ఆఖరి చేపను పేరుస్తున్న నక్క తలెత్తి, "అప్పుడేనా..." అనేలోపు ధబేల్! మడుగు ఎగిరి గట్టు మీద పడింది. వెనక్కి తగ్గిన నీళ్లు చేపలన్నింటినీ మడుగులోకి లాక్కుపోయాయి. నక్క మాత్రం ఎగిరి ముళ్లపొదలో పడింది.

నీళ్లలో కూర్చున్నాక, వెనకే వచ్చిన తంగేనిని చూసి ములెంగకు పందెం గుర్తొచ్చి ఏడుపొచ్చింది. "ఓడిపోయాను తమ్ముడూ. మడుగు నీదే. కానీ నేనెక్కడికి పోయి బతకను?"

"ఎక్కడికీ పోవద్దు. నాకు వారానికి నాలుగు గుక్కలు చాలు. నీకు అరగంట నీళ్లు లేకపోతే ప్రాణం మీదికొచ్చింది. నువ్వే ఉండు. నేనొచ్చినప్పుడు కాస్త జరుగు, అంతే."

ములెంగ సిగ్గుపడి జరిగింది. తంగేని కడుపునిండా తాగింది.

ముళ్లపొదలో నక్క, ఖాళీ కడుపుతో ముళ్లు పీక్కుంటూ, "అంత ఒళ్లేమిటి, ఇంత సుకుమారమేమిటి!" అని మూలిగింది.

నీతి: ఒడ్డూ పొడుగూ చూసి ఓర్పును కొలిస్తే, కొలిచినవాడే ముళ్లపొదలో పడతాడు.